మూడుంపావు సీజన్లు

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) ఆగలేదు కదా, మరి ఆటగాళ్ళ కెరీర్ ఏమైంది? మిల్ట్ ష్మిట్ లాంటి స్టార్లు నిజంగా యుద్ధానికి వెళ్ళారా, లేక యూనిఫాం వేసుకుని హాకీయే ఆడారా? పోయిన సంవత్సరాలు వాళ్ళను ఎంత దెబ్బతీశాయి? ష్మిట్, అతనితో ఒకే జట్టులో ఆడిన డ్యూమార్ట్, బావర్ ముగ్గురూ మళ్ళీ కలిసి ఆడారా? చివరి ప్రశ్నకు జవాబు చివర్లోనే చెబుతాను.

నేను కెనడాలో కిచనర్ అనే ఊళ్ళో ఉంటాను. వచ్చి ఇరవై రెండేళ్ళయింది. మా అబ్బాయిని తెల్లవారుజామున అయిదున్నరకు ప్రాక్టీసుకు తీసుకెళ్తూ ఈ ఆట నేర్చుకున్నాను. వాడు ఆడటం మానేశాక కూడా నేను మానలేదు. పిల్లల జట్లకు స్కోర్ షీట్ రాస్తాను, గడియారం దగ్గర కూర్చుంటాను. ష్మిట్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1918లో. మా ఊరి పెద్ద రింక్ (మంచు మీద ఆడే మైదానం) పేరు మెమోరియల్ ఆడిటోరియం. యుద్ధంలో చనిపోయిన ఈ ఊరి వాళ్ళ జ్ఞాపకంగా కట్టి 1951లో తెరిచారు. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

ముందుగా ఒక విషయం. మనవాళ్ళకు క్రికెట్ లెక్క తెలుసు. 1939 ఆగస్టు నుంచి 1946 మార్చి దాకా టెస్టు మ్యాచ్‌లే లేవు. బ్రాడ్‌మన్ కూర్చున్నాడు, హామండ్ కూర్చున్నాడు, అందరూ కూర్చున్నారు. నష్టం పెద్దదే, కానీ అందరికీ ఒకేలా జరిగింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అలా జరగలేదు. లీగ్ నడుస్తూనే ఉంది. గోల్స్ లెక్కపెడుతూనే ఉన్నారు, ట్రోఫీలు ఇస్తూనే ఉన్నారు. వెళ్ళినవాడి కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. ఒకడు కోల్పోయిన సీజన్‌లోనే ఇంకొకడు రికార్డు కొట్టాడు. యుద్ధకాలపు హాకీ కెరీర్ల గురించి ఏం మాట్లాడినా ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. లీగ్ ఆగి ఉంటే ఇన్ని తగాదాలు, ఇన్ని అనుమానాలు ఉండేవి కావు.

ఇప్పుడు ఆ ముగ్గురి సంగతి. మిల్ట్ ష్మిట్ సెంటర్, వుడీ డ్యూమార్ట్ లెఫ్ట్ వింగ్, బాబీ బావర్ రైట్ వింగ్. హాకీలో ముగ్గురు ఫార్వర్డ్‌లు కలిసి దిగుతారు, కలిసి బెంచీకి వస్తారు. దాన్నే లైన్ అంటారు. ష్మిట్, డ్యూమార్ట్ కిచనర్ వాళ్ళు, బావర్ దానికి ఆనుకుని ఉన్న వాటర్లూ వాడు. చిన్నప్పటి నుంచీ ఒకరికొకరు తెలుసు. బోస్టన్ బ్రూయిన్స్‌లోనూ ముగ్గురూ ఒకే లైన్‌గా ఆడారు. 1939లో స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు), 1941లో మళ్ళీ స్టాన్లీ కప్. 1939-40 సీజన్‌లో లీగ్ మొత్తంలో పాయింట్ల (గోల్‌కు ఒకటి, గోల్‌కు దారితీసిన పాస్‌కు, అంటే అసిస్ట్‌కు, ఒకటి) పట్టికలో మొదటి మూడు స్థానాలు వీళ్ళవే: ష్మిట్ 52, డ్యూమార్ట్ 43, బావర్ 43. ఒకే లైన్ వాళ్ళు ఒకటి, రెండు, మూడు స్థానాల్లో నిలవడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

వాళ్ళను క్రౌట్ లైన్ అనేవారు. జర్మన్లు క్యాబేజీని పులియబెట్టి చేసుకునే సావర్‌క్రౌట్ నుంచి వచ్చిన పేరు అది. ముగ్గురివీ జర్మన్ మూలాలున్న కుటుంబాలు. ఇక్కడ మా ఊరి చరిత్ర కొంచెం చెప్పాలి. 1916 దాకా ఈ ఊరి పేరు బెర్లిన్. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే, 1914 ఆగస్టులో, విక్టోరియా పార్కులో ఉన్న జర్మన్ చక్రవర్తి విగ్రహాన్ని పీకి పక్కనే ఉన్న చెరువులో పడేశారు. రెండేళ్ళ తర్వాత ఓటింగ్ పెట్టి ఊరి పేరే మార్చేశారు. అప్పుడే చనిపోయిన లార్డ్ కిచనర్ పేరు పెట్టారు. ఇండియాలో బ్రిటిష్ సైన్యానికి 1902 నుంచి 1909 దాకా అధిపతిగా ఉన్నది ఆయనే. నేను సాయంత్రాలు నడిచేది ఆ చెరువు గట్టునే. నడుస్తున్నప్పుడల్లా ఒక్కటే అనిపిస్తుంది. బావర్ పుట్టిన 1915లో పక్క ఊరు ఇంకా బెర్లినే. డ్యూమార్ట్ 1916 డిసెంబర్‌లో పుట్టేటప్పటికి కిచనర్ అయిపోయింది. ఇంట్లో జర్మన్ వినిపించిందని అనుమానంగా చూసిన ఇరుగుపొరుగు మధ్య పెరిగిన తరం వాళ్ళది. పాతికేళ్ళు తిరక్కుండానే మళ్ళీ జర్మనీతో యుద్ధం. యుద్ధం రోజుల్లో క్రౌట్ అనే మాట ఇబ్బందిగా తయారై, పత్రికలు వాళ్ళను కిచనర్ కుర్రాళ్ళు అని రాయడం మొదలుపెట్టాయి.

చట్టం ఏం చెప్పిందో కూడా తెలియాలి. కెనడా 1939 సెప్టెంబర్‌లోనే యుద్ధంలోకి దిగింది. 1940 జూన్‌లో జాతీయ వనరుల సమీకరణ చట్టం తెచ్చింది. దాని కింద యువకుల్ని శిక్షణకు పిలవొచ్చు, కానీ దేశ రక్షణ వరకే. ఇష్టం లేనివాణ్ణి సముద్రం దాటించకూడదు. విదేశాల్లో యుద్ధం చేయాలంటే తనంతట తాను చేరాలి. 1942 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 1944 నవంబర్‌లో గానీ బలవంతంగా చేర్చుకున్నవాళ్ళను యూరప్ పంపే నిర్ణయం రాలేదు. అమెరికా 1941 డిసెంబర్‌లో దిగింది. ఆ నెల 9న బోస్టన్‌లో బ్రూయిన్స్, షికాగో మ్యాచ్ ఉంటే రూజ్‌వెల్ట్ రేడియో ప్రసంగం వినడానికి ఆట ఆలస్యం చేశారు. హాకీ ఆటగాళ్ళకు ఇదంతా ఇంకో చిక్కు తెచ్చింది. 1942-43 నాటికి లీగ్‌లో జట్లు ఆరే మిగిలితే, అందులో నాలుగు అమెరికాలో ఉన్నాయి. ఆటగాళ్ళేమో దాదాపు అందరూ కెనడా వాళ్ళు. పిలుపు వచ్చేది కిచనర్ ఇంటికి, ఉద్యోగం బోస్టన్‌లో.

ష్మిట్, డ్యూమార్ట్, బావర్ ముగ్గురూ కలిసి రాయల్ కెనడియన్ ఎయిర్ ఫోర్స్‌లో చేరారు. చివరి మ్యాచ్ 1942 ఫిబ్రవరి 10న, బోస్టన్ గార్డెన్‌లో, మాంట్రియల్ కెనేడియన్స్ మీద. బోస్టన్ 8-1తో గెలిచింది. ఆట అయిపోయాక రెండు జట్ల ఆటగాళ్ళూ కలిసి ఆ ముగ్గుర్నీ భుజాల మీదికి ఎత్తుకుని మంచు మీద నుంచి తీసుకెళ్ళారు. మాంట్రియల్, బోస్టన్ మధ్య వైరం ఎలాంటిదో ఈ ఆట చూసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. అంతకు కొద్ది నిమిషాల ముందు రింక్ చుట్టూ ఉండే చెక్క గోడలకేసి గుద్దుకున్న మనుషులే భుజం ఇచ్చారు. ఈ ఆట చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: యుద్ధం చేశారా, హాకీ ఆడారా? నిజం చెప్పాలంటే రెండూ. కొందరు మొదటిదే ఎక్కువ చేశారు, కొందరు రెండోదే ఎక్కువ. ఈ ముగ్గురూ ముందు ఒట్టావాలో ఎయిర్ ఫోర్స్ జట్టు ఫ్లయ్యర్స్‌కు ఆడి ఆ వసంతంలోనే ఆలన్ కప్ గెలిచారు. అది కెనడాలో సీనియర్ అమెచ్యూర్ హాకీకి అతి పెద్ద కప్పు. మరుసటి ఏడాది అదే కప్పు గెలిచింది ఒట్టావా కమాండోస్, అంటే ఆర్మీ జట్టు. అందులో న్యూయార్క్ రేంజర్స్ నుంచి వచ్చిన కాల్విల్ అన్నదమ్ములు, అలెక్స్ షిబికీ ఉన్నారు. ప్రొఫెషనల్ స్టార్లతో నిండిన సైనిక జట్టు అమెచ్యూర్ కప్పు గెలవడం సబబేనా అని అప్పుడే చాలామంది అడిగారు. కొడుకును ఇటలీకో ఇంగ్లండ్‌కో పంపిన తల్లికి ఆ ప్రశ్న రావడం సహజం. దాన్ని నేను కొట్టిపారేయను.

సైనిక విభాగాలు మంచి ఆటగాళ్ళ కోసం పోటీ పడిన మాట కూడా నిజమే. టొరంటో గోలీ (గోల్ కాసే ఆటగాడు) టర్క్ బ్రోడా 1943 అక్టోబర్‌లో మాంట్రియల్‌లో చేరడానికి రైలెక్కితే, పోలీసులు దారిలోనే దింపి వెనక్కి తెచ్చారు. చివరికి టొరంటోలోనే చేరాడు. తర్వాత ఫిరంగి దళంతో విదేశాలకు వెళ్ళాడు, అక్కడా సైనిక జట్లకు గోల్ కాశాడు. అయితే ఆటగాడిగా చేరినవాడు ఎప్పటికీ ఆటగాడిగానే ఉండిపోతాడన్న హామీ ఎవరికీ లేదు. ఒట్టావా నుంచి ఆ ముగ్గుర్నీ విడదీశారు. ష్మిట్, డ్యూమార్ట్ ఇంగ్లండ్ చేరారు. ష్మిట్ పనిచేసింది ఉత్తర ఇంగ్లండ్‌లో, కెనడా బాంబర్ దళాలుండే స్థావరంలో. సిబ్బందికి వ్యాయామం, ఆటలు చూసుకునే బాధ్యత. వినడానికి తేలికైన పనే. కానీ ఆ స్థావరాల నుంచి రాత్రిపూట లేచిన విమానాల్లో ఎన్నో తిరిగి రాలేదు. బాంబర్ కమాండ్‌లో చనిపోయిన కెనడియన్లు 10,000 పైమాటే. సాయంత్రం తను కసరత్తు చేయించిన కుర్రాడు పొద్దున భోజనం బల్ల దగ్గర కనిపించని చోట ష్మిట్ నెలల తరబడి బతికాడు. ఆ కాలాన్ని హాకీ ఆడుకున్న కాలం అని నేను రాయలేను.

కొందరికి ఆ తేలికపాటి పని కూడా దక్కలేదు. రేంజర్స్ డిఫెన్స్‌మన్ డడ్లీ గారెట్‌ను అందరూ రెడ్ గారెట్ అనేవారు. 1942-43లో 23 మ్యాచ్‌లు ఆడాడు, ఒక గోల్, ఒక అసిస్ట్. తర్వాత రాయల్ కెనడియన్ నేవీలో చేరాడు. 1944 నవంబర్‌లో అతనున్న షావినిగన్ అనే యుద్ధనౌకను న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది. ఓడలో ఉన్న 91 మందిలో ఒక్కరూ మిగల్లేదు. గారెట్‌కు అప్పుడు 20 ఏళ్ళు. డెట్రాయిట్ తరఫున ఒకే ఒక్క మ్యాచ్‌లో గోల్ కాసిన జో టర్నర్ అమెరికా సైన్యంలో చేరి, జర్మనీ సరిహద్దులో హుర్ట్‌గెన్ అడవి పోరాటంలో చనిపోయాడు. అమెరికన్ హాకీ లీగ్ ఏటా ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే అవార్డు గారెట్ పేరు మీదే ఉంది. ఇంటర్నేషనల్ హాకీ లీగ్ తన కప్పుకు టర్నర్ పేరు పెట్టుకుంది. మా రింక్‌లో పిల్లలు ఆ అవార్డుల పేర్లు గడగడా చెప్పేస్తారు. ఆ పేర్ల వెనక మనుషులున్నారని ఎవరైనా చెబితే ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటారు.

మూడో ప్రశ్న, ఎంత దెబ్బ అన్నది. దీనికి నేను కాస్త లెక్క వేశాను. అప్పట్లో సీజన్‌కు 48 మ్యాచ్‌లు. ష్మిట్ 1941-42లో 36 ఆడి 35 పాయింట్లు చేశాడు, అంటే మ్యాచ్‌కు దాదాపు ఒకటి. ఆ సీజన్‌లో మిగిలినవి 12, సరిగ్గా పావు సీజన్. తర్వాత మూడు పూర్తి సీజన్లు, 50 మ్యాచ్‌ల చొప్పున. మొత్తం 162 మ్యాచ్‌లు. అదే వేగంతో ఆడి ఉంటే సుమారు 150 పాయింట్లు. రిటైరయ్యేటప్పటికి అతని మొత్తం 776 మ్యాచ్‌లు, 229 గోల్స్, 575 పాయింట్లు. ఆ 150 కలిపితే 725 పైన ఉండేది. ఇది నా అంచనా, కావాలంటే తక్కువే వేసుకోండి. వయసు మాత్రం అంచనా కాదు: 23 నుంచి 27 దాకా. హాకీలో కాళ్ళలో బలం, తలలో తెలివి రెండూ కలిసి ఉండే సంవత్సరాలు అవే.

నష్టం ఆ 162 మ్యాచ్‌లతో ఆగలేదు. తిరిగొచ్చిన మొదటి సీజన్ చూడండి. 1945-46లో ష్మిట్ 48 మ్యాచ్‌ల్లో 31 పాయింట్లే చేశాడు. మరుసటి ఏడాది 59 మ్యాచ్‌ల్లో 62. అంటే పాత ష్మిట్ మళ్ళీ కనిపించడానికి ఒక పూర్తి సీజన్ పట్టింది. ఇది ఎందుకు జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. కోవిడ్ వల్ల 2020-21లో మా ఒంటారియోలో జూనియర్ లీగ్ సీజన్ మొత్తం రద్దయింది, పిల్లల లీగుల్లో కూడా మ్యాచ్‌లు దాదాపు లేవు. 2021 శరదృతువులో తిరిగొచ్చిన కుర్రాళ్ళు పొడుగయ్యారు, బలంగా ఉన్నారు, ఇళ్ళల్లో బరువులెత్తారు. మంచు మీద మాత్రం పాస్ ఎప్పుడూ అరసెకను వెనక పడేది. స్కేటింగ్ బాగానే ఉంది, చేతులు బాగానే ఉన్నాయి. పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) తన దగ్గరికి రాకముందే తర్వాత ఎక్కడికి పంపాలో చూసే కన్ను ఉంటుంది కదా, అది మొద్దుబారింది. అది మ్యాచ్‌ల్లోనే పదునెక్కుతుంది, వ్యాయామంతో రాదు. ఒక్క సీజన్ పోతేనే ఇలా. ష్మిట్‌కు మూడుంపావు పోయాయి.

పైగా అతను వదిలిన ఆట వేరు, తిరిగొచ్చిన ఆట వేరు. 1943-44లో రింక్ మధ్యలో ఎర్ర గీత తెచ్చారు. అంతకుముందు తన బ్లూ లైన్ (తన గోల్ వైపు ఉండే నీలి గీత) దాటించి ముందుకు పాస్ ఇవ్వడం కుదిరేది కాదు. పక్‌ను కర్రతో మోసుకుంటూ బయటికి రావాల్సిందే. ఎదుటి జట్టు అయిదుగురు వచ్చి మీద పడితే బయటపడటం గగనం. ఎర్ర గీత వచ్చాక మధ్య గీత దాకా పాస్ ఇవ్వొచ్చు. ఆట ఒక్కసారిగా వేగం అందుకుంది. యుద్ధంలో ఉన్నవాళ్ళు ఆ మార్పును చూడనే లేదు. ముప్ఫై ఏళ్ళకు దగ్గరపడుతున్న ముగ్గురు మనుషులు, ఒకరి కదలిక ఒకరికి కంఠస్థమైన లైన్, తిరిగొచ్చి కొత్త నిబంధనలతో ఆటను మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ విషయం గణాంకాల పుస్తకాల్లో ఎక్కడా కనపడదు. నా దృష్టిలో ష్మిట్ 1950-51లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ గెలవడం 1940 నాటి పాయింట్ల కిరీటం కన్నా పెద్ద ఘనత. అప్పటికి అతనికి 33.

లీగ్‌లో మిగిలినవాళ్ళ పరిస్థితి ఎలా ఉండేదో రేంజర్స్‌ను చూస్తే తెలుస్తుంది. 1941-42లో లీగ్‌లో మొదటి స్థానం. జట్టు సైన్యంలోకి వెళ్ళిపోయింది. 1943-44లో 50 మ్యాచ్‌లకు 6 గెలిచి 39 ఓడింది. గోలీ కెన్ మకాలే ఒక్కడే అన్ని మ్యాచ్‌లూ ఆడి 310 గోల్స్ వదిలాడు. జనవరిలో డెట్రాయిట్ చేతిలో 15-0. కోచ్ ఫ్రాంక్ బౌచర్ 42 ఏళ్ళ వయసులో మళ్ళీ స్కేట్లు కట్టుకుని 15 మ్యాచ్‌లు ఆడాడు. బోస్టన్‌లో దానికి తిరగేసిన కథ: 1942 నవంబర్‌లో బెప్ గిడోలిన్ పదహారేళ్ళకే ఆడాడు. అంత చిన్న వయసులో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. రైళ్ళు సైన్యానికి కావాలి, జట్లు టైముకు స్టేషన్ చేరాలి కాబట్టి 1942 నవంబర్‌లో మామూలు సీజన్‌లో అదనపు సమయం తీసేశారు. అది మళ్ళీ వచ్చింది 1983లో.

ఇలాంటి లీగ్‌లో రాణించినవాళ్ళకు ఇంకో రకం శిక్ష పడింది. మాంట్రియల్ ఆటగాడు మోరిస్ రిచర్డ్ సైన్యంలో చేరడానికి వెళ్ళాడు. పాత ఎముక విరుగుళ్ళ వల్ల వద్దన్నారు. 1944-45లో 50 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ కొట్టాడు. అంతకుముందు ఎవరూ చేయనిది. మంచి గోలీలు యుద్ధంలో ఉన్నారు కాబట్టి కొట్టాడన్నారు. అతని అదృష్టం, వయసు తక్కువ. అందరూ తిరిగొచ్చాక 1946-47లో 45 కొట్టి నోళ్ళు మూయించాడు, 544 గోల్స్‌తో రిటైరయ్యాడు. హెర్బ్ కెయిన్‌కు ఆ అవకాశం రాలేదు. క్రౌట్ లైన్ లేని బోస్టన్‌లో 1943-44లో 82 పాయింట్లతో లీగ్ రికార్డు సృష్టించాడు. స్టార్లు తిరిగొచ్చిన 1945-46 అతనికి ఎన్‌హెచ్‌ఎల్‌లో చివరి సీజన్. కింది లీగ్‌కు పంపేశారు. హాకీ దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరు ఈనాటికీ లేదు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. తన ముందున్న వాళ్ళతో ఆడాడు, తను ఎంచుకున్న ప్రత్యర్థులు కారు వాళ్ళు.

గోలీల గురించి ఒక్క మాట. బోస్టన్ గోలీ ఫ్రాంక్ బ్రిమ్‌సెక్ మిన్నెసోటా వాడు, అమెరికా కోస్ట్ గార్డ్‌లో చేరాడు. మొదట బాల్టిమోర్ దగ్గర కోస్ట్ గార్డ్ జట్టుకు ఆడాడు, తర్వాత పసిఫిక్‌కు పంపారు. యుద్ధం తర్వాత అతను పనికిరాకుండా పోయాడని రాసేవాళ్ళున్నారు. అది తప్పు. తిరిగొచ్చాక మూడేళ్ళు వరుసగా లీగ్ రెండో ఆల్‌స్టార్ జట్టులో (ఏటా ఎంపిక చేసే మేటి ఆటగాళ్ళ రెండు జట్లలో రెండోది) ఉన్నాడు. నిజమేమిటంటే మొదటి స్థానం నుంచి రెండో స్థానానికి జారాడు. గోలీలకిచ్చే వెజినా ట్రోఫీలు 1939లో ఒకటి, 1942లో ఒకటి, మళ్ళీ రాలేదు. గోల్ ముందు నిలబడే మనిషికి అరసెకను తేడా ఎంతో ఊహించుకోండి.

క్రౌట్ లైన్‌లో కెరీర్ కాగితం మీద అందరికన్నా చిన్నదైపోయింది బావర్‌ది. ముగ్గురిలో అతనే పెద్ద. వెళ్ళేటప్పుడు 27 నిండబోతున్నాయి, తిరిగొచ్చేటప్పటికి 30. అందుకే ష్మిట్‌కు దొరికిన రెండో ఇన్నింగ్స్ అతనికి దొరకలేదు. 1946-47లో 30 గోల్స్ కొట్టాడు, అతని కెరీర్‌లోనే అత్యధికం. మర్యాదగా ఆడే మేటి ఆటగాడికిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ అంతకుముందు 1940, 1941ల్లో వచ్చింది, 1947లో మళ్ళీ వచ్చింది. అంత బాగా ఆడిన ఏడాదే, 32 ఏళ్ళకు, ఆట వదిలేసి ఇంటికి వచ్చేశాడు. మొత్తం 327 మ్యాచ్‌లు. ష్మిట్‌వి 776, డ్యూమార్ట్‌వి 772. ఫలితం ఏమిటంటే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ష్మిట్ 1961లో, డ్యూమార్ట్ 1992లో, బావర్ 1996లో. బావర్ గుండెపోటుతో చనిపోయి అప్పటికి 32 ఏళ్ళు. ఇంటి దగ్గర ఊరికే కూర్చోలేదు, కిచనర్-వాటర్లూ డచ్‌మెన్ జట్టుకు కోచ్‌గా 1956, 1960 ఒలింపిక్స్‌కు కెనడా తరఫున వెళ్ళి ఒక కాంస్యం, ఒక రజతం తెచ్చాడు.

బోస్టన్ జట్టు కూడా మూల్యం చెల్లించింది. 1938 నుంచి 1941 దాకా వరుసగా నాలుగేళ్ళు లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టు అది. 1941 తర్వాత స్టాన్లీ కప్ మళ్ళీ వచ్చింది 1970లో. ఆ కప్పు గెలిచిన జట్టుకు జనరల్ మేనేజర్ ఎవరో తెలుసా? మిల్ట్ ష్మిట్.

లీగ్ పుట్టుకే ఒక యుద్ధంతో ముడిపడి ఉందని కూడా చెప్పాలి. 1916-17లో కెనడా సైన్యం 228వ బెటాలియన్ ఒక ప్రొఫెషనల్ జట్టుగా ఖాకీ జెర్సీలతో, ఎన్‌హెచ్‌ఎల్‌కు ముందున్న ఎన్‌హెచ్‌ఎ లీగ్‌లో ఆడింది. 1917 ఫిబ్రవరిలో విదేశాలకు వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది, సీజన్ మధ్యలో జట్టు వెళ్ళిపోయింది. లీగ్ పట్టిక తారుమారైంది, జట్ల యజమానుల గొడవలు ముదిరాయి, ఆ నవంబర్‌లోనే పాత లీగ్‌ను పక్కనపెట్టి ఎన్‌హెచ్‌ఎల్ మొదలుపెట్టారు.

ఇక మీ చివరి ప్రశ్న. అవును, ముగ్గురూ మళ్ళీ కలిసి ఆడారు. 1945-46, 1946-47 రెండు సీజన్లు. బావర్ వెళ్ళిపోయాక డ్యూమార్ట్, ష్మిట్ ఇద్దరే మిగిలారు. 1952 మార్చి 18న ష్మిట్, డ్యూమార్ట్‌లను సన్మానించే రాత్రి బోస్టన్ గార్డెన్‌లో షికాగోతో మ్యాచ్. సరిగ్గా ఏడేళ్ళ కిందట, అదే తేదీన, అదే రింక్‌లో రిచర్డ్ తన యాభయ్యో గోల్ కొట్టాడు. ఆ రాత్రి కోసం బావర్‌ను పిలిపించారు. ఆట వదిలి అయిదేళ్ళయింది, వయసు 37. సన్మానంలో చేతులూపి వెళ్ళిపోవడానికి రాలేదు. జెర్సీ వేసుకుని దిగాడు. ఆ మ్యాచ్‌కు ముందు ష్మిట్ ఖాతాలో 199 గోల్స్ ఉన్నాయి. రెండు వందోది అప్పుడు వచ్చింది, అసిస్ట్‌లు బావర్, డ్యూమార్ట్‌లవి. తర్వాత బావర్ కూడా ఒక గోల్ కొట్టాడు. బోస్టన్ 4-0తో గెలిచింది. బావర్ ఆడిన 327 మ్యాచ్‌ల్లో ఆఖరిది అదే.